పేజీ అడుగున లచ్చయ్య

పల్లె పాటల మీద డాక్టర్ రాజనర్సు రాసిన పుస్తకాన్ని మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివినవాడు లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడూ పోలీసాయన.

సన్మాన సభల్లో పుస్తకాలు పంచడం మన దగ్గర పాత అలవాటు. వేదిక మీద ఎన్ని కుర్చీలుంటే అన్ని కాపీలు. మొదటి పేజీలో 'సవినయంగా' అని రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. పుచ్చుకున్నవాడు నాలుగు పేజీలు తిప్పి, 'చాలా శ్రమ చేశారండీ' అని, ఇంటికి తీసుకుపోయి బీరువా మీద పడేస్తాడు. ఇచ్చేవాడికీ ఆ సంగతి తెలుసు. 1991 ఫిబ్రవరిలో జగిత్యాలలో రాజనర్సును కాలేజీకి ఇన్‌చార్జి ప్రిన్సిపాల్‌గా వేసినందుకు సన్మానం చేసినప్పుడు వేదిక మీద ఏడుగురు కూర్చున్నారు. కాలేజీ కమిటీ అధ్యక్షుడు, రైసుమిల్లు యజమాని, ఇద్దరు డాక్టర్లు, ఇద్దరు వకీళ్లు, చివరి కుర్చీలో కొత్తగా బదిలీ మీద వచ్చిన సర్కిల్ ఇన్‌స్పెక్టర్. కోస్తా మనిషి. ముఖంలో ఎప్పుడూ ఒక చిన్న నవ్వు.

రాజనర్సు ఏడు కాపీలు పంచాడు. ఆరు బీరువాల మీదికి చేరాయి.

ఏడోది జూన్‌లో తిరిగొచ్చింది. సి.ఐ. స్వయంగా చంకలో పెట్టుకుని, మఫ్టీలో, ప్రిన్సిపాల్ గదిలోకి వచ్చాడు. పేజీల మధ్య బస్సు టికెట్లు గుర్తులుగా పెట్టి ఉన్నాయి.

"మీ పుస్తకం రెండుసార్లు చదివాను సార్."

రాజనర్సుకు నిజంగానే సంతోషం కలిగింది. పదేళ్ల చాకిరీకి ఇంతవరకూ ఒక్కడూ ఆ మాట అనలేదు. అటెండరును పిలిచి రెండు చాయ్‌లు చెప్పాడు.

"ఏ అధ్యాయం నచ్చింది మీకు?"

"అధ్యాయం కాదు సార్. నూటపన్నెండో పేజీ. అడుగున చిన్న అక్షరాలు."

సి.ఐ. పేజీ తీసి, పిల్లవాడికి పాఠం అప్పజెప్పినట్టు నెమ్మదిగా చదివాడు. "'ఈ పాట కట్టినది గాయని కనకవ్వ కుమారుడు లచ్చయ్య. వయస్సు పద్దెనిమిది. చదువు ఐదో తరగతి. వృత్తి పశువులు కాయడం. ఎడమ కనుబొమ్మ పైన రూపాయి బిళ్లంత కాలిన మచ్చ. చివరి చరణానికి ముందు ఒకసారి ఆగి, మొదటి పాదాన్ని తిరగవేసి పాడడం ఇతని పద్ధతి.'" పుస్తకం మూశాడు. "ఇరవై ఏళ్ల సర్వీసున్న మా స్టేషన్ రైటరు కూడా ఒక మనిషిని ఇంత బాగా రాయలేడు సార్."

రాజనర్సు చాయ్ కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"ఇవాళ ప్రతి ఊళ్లో నక్సలైట్ల పాటల క్యాసెట్ ఒకటి తిరుగుతోంది. పదకొండు పాటలు. అన్నింట్లోనూ చివరి చరణానికి ముందు ఆగడం, మొదటి పాదం తిరగెయ్యడం. వాటిని కట్టేవాడెవడో ఐదేళ్లుగా మాకు అంతుపట్టలేదు. మీరు పదేళ్ల కిందటే అచ్చంగా రాసిపెట్టారు. మా దగ్గర నాలుగు ఫోటోలున్నాయి. ఆ నలుగురిలో లచ్చయ్య ఎవడో సోమవారం వచ్చి చూపించండి చాలు. మిమ్మల్ని రెగ్యులర్ చెయ్యడానికి మా రిపోర్టు కావాలని కమిటీ వాళ్లు అడిగారు. అదీ అదే రోజు పంపించేస్తాను."

సి.ఐ. చాయ్ పూర్తిగా తాగి, పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ ఫుట్‌నోట్ రాజనర్సు బతుకులోకెల్లా గొప్ప సంగతి. సిరిసిల్లలో పరాయి మగ్గం మీద నేసిన దశరథం కొడుకు అతను. కండెలు చుడుతూ మెట్రిక్ పాసయ్యాడు. ట్యూషన్లు చెప్పుకుంటూ ఎమ్మే చేశాడు. వరినాటు పాటల మీద పరిశోధనకు దిగినప్పుడు అందరూ నవ్వారు. 1981 వానాకాలంలో ముస్తాబాద్ దగ్గరి ఒక పల్లెలో, మోకాటి లోతు బురదలో టేప్‌రికార్డర్ నెత్తిన పెట్టుకుని నిలబడి, నాటు వేస్తున్న ఆడవాళ్లు 'వలలో' అనే ఊతంతో పాడే పాట పట్టాడు.

*వాన ఏరు దాటి వచ్చె వలలో*
*నీళ్లు గడీ దాటి రావాయె వలలో*

దొర గడీని దెప్పే ఈ పాట ఎన్ని తరాల నాటిదో అనుకుంటూ రాసుకుంటుంటే, ముందు పాడుతున్న కనకవ్వ పగలబడి నవ్వింది. "తరాలేంది సారూ, పోయినేడు నా కొడుకు కట్టిండు. గా గట్టు మీద బర్లకాడ ఉన్నడు సూడు."

జానపదానికి కర్త ఉండడని పుస్తకాలన్నీ చెబుతాయి. రాజనర్సు కర్తను కళ్లతో చూశాడు. పేరు అడిగాడు, వయసు అడిగాడు, మచ్చ ఎలా పడిందో అడిగాడు. సమాచారం ఇచ్చినవాణ్ణి పూర్తిగా వర్ణించాలని గైడు చెప్పిన మాటను తు.చ. తప్పకుండా పాటించాడు. ఆ ఒక్క ఫుట్‌నోట్‌ను పరీక్షకులు ఆకాశానికెత్తారు. 1984లో డాక్టరేటు వచ్చింది, దాంతో ఉద్యోగం వచ్చింది. ఆ తరువాత లచ్చయ్య అడవి పట్టాడని రాజనర్సు విన్నాడు. విన్నాక కూడా పుస్తకం అచ్చువేశాడు, ఫుట్‌నోట్‌తో సహా. ఎవరు చదువుతారులే అనుకున్నాడు.

సాయంత్రం కోరుట్ల బస్సెక్కాడు. పుస్తకం అచ్చువేసింది కోరుట్లలో ఇనాయతుల్లా ప్రెస్సులో. పాతికేళ్ల స్నేహం. ఇనాయతుల్లా పెళ్లి కార్డుకు అక్షరాలు పేరుస్తూ అంతా విన్నాడు.

"నేనప్పుడే చెప్పిన సాబ్. పేర్లన్ని ఎందుకు, పాటలేద్దాం చాలంటి. 'పరిశోధనంటే ఆధారం ఇనాయత్ భాయ్' అంటిరి. ఇగో, ఆధారం ఇంటికి నడిచొచ్చింది."

"దెప్పుడు తర్వాత దెప్పు. ఏం జెయ్యాలె చెప్పు."

"పదేండ్లాయె, ముఖం యాదికి లేదనుండ్రి."

"రూపాయి బిళ్లంత మచ్చ రాసినోనివి ముఖం మరిచినవా అంటడు."

"అచ్చుతప్పని నా మీద ఎయ్యుండ్రి. పెండ్లికొడుకు పేరు బదులు మామ పేరేసిన మొన్న. అందరు నమ్ముతరు."

"యూనివర్సిటీల టైపు కాపీ ఉన్నది భాయ్. అండ్లగూడ గదే ఉన్నది."

ఎదురుగా బీడీల కార్ఖానా నుంచి ఆడవాళ్లు చాటలు పట్టుకుని ఇళ్లకు పోతున్నారు. రాజనర్సు వాళ్లను చూస్తూ అన్నాడు, "అబద్ధమని రాసిస్త."

"ఏది?"

"ఫుట్‌నోట్. లచ్చయ్య అనేటోడు లేడు, డాక్టరేటు కోసం నేనే పుట్టిచ్చిన అని. లేని మనిషిని ఎవడు ఎతుకుతడు?"

ఇనాయతుల్లా చేతిలోని అక్షరాలను గళ్లపెట్టెలో పడేశాడు. "గది మీ పట్టా మీద మీరే మన్నువోసుకునుడు సాబ్. ప్రిన్సిపాల్ గిరీ సంగతి అట్ల పెట్టుండ్రి, నౌకరే ఉండది."

"మనిషి పానం భాయ్."

"ఇంట్ల సరోజనమ్మకు చెప్పిండ్రా?"

"చెప్పలే."

"చెప్తే రాయనియ్యదని ఎరుకే మీకు."

రాజనర్సు ఆ బల్ల మీదే, ప్రెస్సు కాగితం మీదే రాశాడు. సగం రాశాక అతనిలో పండితుడు లేచి కూర్చున్నాడు. వట్టిగా 'లచ్చయ్య లేడు' అంటే ఎవరు నమ్ముతారు? అబద్ధానికైనా ఆధారం ఉండాలి. 'తనకు మగసంతానం లేదని కనకవ్వ స్వయంగా నాతో చెప్పింది. ఆ ఊరిలో ఆ పేరుగల ఆమె కుమారుడెవరూ లేరని నేను విచారించి ధ్రువపరచుకున్నాను' అని చేర్చాడు. తేదీ వేశాడు. హోదా రాశాడు. సంతకం పెట్టాడు.

ఇనాయతుల్లా చదివి, "గంత బందోబస్తు అవసరమా సాబ్?" అన్నాడు.

"అవసరమే."

సోమవారం సి.ఐ. ఆ కాగితాన్ని నిలబడే చదివాడు. కూర్చుని మళ్లీ చదివాడు. సొరుగు లాగి లోపల పెట్టి తాళం వేశాడు.

"ఇది యూనివర్సిటీకి పంపితే మీ డాక్టరేటు ఉండదు కదా సార్."

"తెలుసు."

"పంపనులెండి. నా దగ్గరే ఉండనివ్వండి. మీరు పోయి కాలేజీ చూసుకోండి."

రాజనర్సు బయటికొచ్చాడు. మనిషి బతికాడు, పట్టా నిలిచింది, కుర్చీ నిలిచింది. ఇంత చవకగా బయటపడతానని అనుకోలేదు. గడియారం టవర్ దగ్గర ఆగి అరకిలో జిలేబీ కట్టించుకున్నాడు. ఏం పండుగని భార్య సరోజన అడిగితే, "ఊకెనే, తినబుద్ధయింది" అన్నాడు.

ఆగస్టులో ఒక పొద్దున, మొదటి గంట కొట్టకముందే, తడిసిన చీరతో ఒక ముసలామె ప్రిన్సిపాల్ గది గడప దగ్గర నిలబడింది. అటెండరు అడ్డం పోబోతే చేత్తో పక్కకు జరిపింది.

"గుర్తువట్టలేదా సారూ? పాటల కనకవ్వను."

రాజనర్సు లేచి నిలబడ్డాడు. పదేళ్లలో ఆమె సగం మనిషైంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"లచ్చయ్యను సంపిండ్రు. గంభీరావుపేట అవుతల ఎదురుకాల్పులని చెప్తున్నరు. పీనుగ సిరిసిల్లల ఉన్నది. నా కొడుకని నేనంటే, నీకు కొడుకే లేడంటున్నరు. ఊరోళ్లు బుగులువట్టి ఒక్కలు రాలే. రేషన్ కార్డుల వాని పేరు ఎన్నడో కొట్టేసిండ్రు. ఇగ నువ్వే దిక్కు. వాడు నా కొడుకని నీ పుస్తకంల ఉన్నదట గదా. అచ్చి గా ఒక్క మాట చెప్పు. పీనుగనిస్తే ఊరికి తీస్కపోయి, వాని నాయిన పక్కన పెట్టుకుంట."

కాగితం సంగతి ఆమెకు తెలియదు. రాజనర్సు చెప్పలేదు. "పద" అని గొడుగు తీసుకున్నాడు.

వేములవాడ మీదుగా బస్సు. వాన కిటికీల్లోంచి లోపలికి కొడుతోంది. ముందు సీట్లో కనకవ్వ, వెనక సీట్లో అతను. కొంత దూరం పోయాక ఆమె తల తిప్పకుండానే మాట్లాడడం మొదలుపెట్టింది.

"ఎండకాలంల ఒక్కపారి అచ్చిపోయిండు. నీ పుస్తకంల కాగితం చింపి జేబుల పెట్టుకున్నడు. 'అవ్వా, నా పేరు అచ్చయింది సూడు' అన్నడు. ఓరి పిచ్చోడా, దాసుకోని తిరిగేటోనికి పేరు అచ్చయితే గంత సంబురమేందిరా అన్న. 'పాట కట్టినోని పేరు ఎవలు రాస్తరే, గా సారొక్కడే రాసిండు' అన్నడు."

రాజనర్సు ముందుకు వంగాడు. "కనకవ్వా, నా మీద కోపం లేదా?"

"నీ మీదెందుకు కొడుకా. ఉన్నదే రాసినవ్."

వేములవాడ దాటే సరికి నిశ్చయించుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ, సిరిసిల్లలో మగ్గం గుంత ఇంకా పూడిపోలేదు. సిరిసిల్లలో దిగి, మరమగ్గాల సాంచల చప్పుడు మధ్య తాను పుట్టిన వాడ పక్కనుంచే నడుస్తుంటే ఆ నిశ్చయం ఇంకా గట్టిపడింది. ఒకరిద్దరు ముసలి నేతగాళ్లు గుర్తుపట్టి, "దశరథం కొడుకు, పెద్ద ప్రిన్సిపాలు" అని చేతులు జోడించారు. అతను కూడా చేతులు జోడించాడు.

శవాన్ని ఉంచిన రేకుల షెడ్డు ముందు పది మంది పోలీసులున్నారు. వరండాలో అదే సి.ఐ. కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రాజనర్సును చూసి లేచి, కనకవ్వను అక్కడే ఆపించి, అతన్ని మాత్రం లోపలికి తీసుకెళ్లాడు.

"చూడండి సార్. మీరు పుట్టించినవాడే."

దుప్పటి తీశారు. లచ్చయ్యే. ముఖం మీద పదేళ్లు పెరిగాయంతే. మచ్చ రాజనర్సు రాసిన చోటే ఉంది.

"ఎట్ల దొరికిండు?" అన్నాడు రాజనర్సు. ఇంత పెద్ద మనిషి ముందు ఊరి మాట ఎలా వచ్చేసిందో అతనికే తెలియలేదు.

"ఆ మచ్చతోనే. మీ ఫుట్‌నోట్ కాపీ చేయించి అన్ని బస్టాండ్లలోనూ మఫ్టీ వాళ్లకు ఇచ్చాను, జూన్ మొదటి వారంలోనే."

"నేను కాగితం ఇయ్యకముందే."

"మీ గదికి రాకముందే సార్. పరిశోధకుడు మచ్చ కల్పించడు. అంత మాత్రం నాకు తెలుసు."

రాజనర్సు దుప్పటిని మళ్లీ ఆ ముఖం మీదికి లాగాడు. అయితే జూన్‌లో తాను చేసిన త్యాగం ఎవరినీ కాపాడలేదు. "మరి ఆ కాగితం ఎందుకు దాచారు?"

"ఇవాళ్టి కోసం. ఇది లచ్చయ్య శవమని తేలితే ఊరికి పోతుంది. ఊరికి పోతే ఇరవై ఊళ్లు వాడి పాటే పాడుకుంటూ వెంట నడుస్తాయి. ఎవరిదో తెలియని శవమైతే సాయంత్రానికల్లా ఇక్కడే కాల్చేస్తాం. ఆమెకు కొడుకు లేడని ఎవరో కానిస్టేబుల్ చెబితే కోర్టు నమ్మదు. ప్రిన్సిపాల్ గారు విచారించి ధ్రువపరచుకుంటే నమ్ముతుంది."

"నేను అబద్ధం రాశాను."

"ఎప్పుడు సార్? జూన్‌లోనా, పుస్తకంలోనా?" సి.ఐ. గొంతు పెంచలేదు. "ఏది అబద్ధమో మీరే తేల్చండి. జూన్‌ది అంటే, తెలిసీ నక్సలైటును దాచడానికి పోలీసులకు తప్పుడు కాగితం ఇచ్చారు. కేసు పెట్టాలి. పుస్తకం అంటే, డాక్టరేటు పోతుంది. ఏమీ అనకపోతే..." జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించాడు. "మీ రిపోర్టు. నిన్ననే సంతకం చేశాను. రేపు కమిటీకి చేరుతుంది."

బయట పంచనామా రాసే ఉద్యోగి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. కనకవ్వ మెట్ల కింద వానలోనే నిలబడింది. ఆయన కలం మూత తీసి, "వీళ్లెవరు? సాక్షా?" అని అడిగాడు.

"డాక్టర్ రాజనర్సు గారు. జగిత్యాల కాలేజీ ప్రిన్సిపాల్" అన్నాడు సి.ఐ. ఇన్‌చార్జి అన్న మాట వదిలేసి.

"చెప్పండి సార్. లోపలున్నది ఈమె కొడుకేనా?"

బస్సులో గట్టిపడిన మాట నాలుక చివర దాకా వచ్చింది. అక్కడే నిలబడింది. కేసు అంటే స్టేషన్. స్టేషన్ అంటే ఏమిటో ఆ రోజుల్లో జిల్లాలో పసిపిల్లాడికి కూడా తెలుసు. తనను చూసి చేతులు జోడించిన ఆ ముసలి నేతగాళ్ల ముందు నుంచి బేడీలతో నడవాలి. సరోజన, పిల్లలు. ఎలాగూ మనిషి పోయాడు. పోయినవాడికి ఊరైతేనేం, ఇక్కడైతేనేం. ఇలాంటి లెక్కలు మనిషి కన్ను మూసి తెరిచేలోగా వెయ్యి వేస్తాడు.

"నేను ఎరగను" అన్నాడు రాజనర్సు.

"ఈమెకు కొడుకున్నాడా?"

"లేడని... గతంలో రాసిచ్చాను."

సి.ఐ. జూన్ కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. ఆ ఉద్యోగి ఆ రెండు వాక్యాలనూ పైకి చదువుతూ ఎక్కించుకున్నాడు. 'తనకు మగసంతానం లేదని కనకవ్వ స్వయంగా నాతో చెప్పింది.' కనకవ్వ ఆ మాట వింది. మొదట అర్థం కానట్టు చూసింది. తరువాత రాజనర్సు వైపు తిరిగింది.

"నేను చెప్పిన్నా సారూ? నీతోని?"

అతను కళ్లద్దాల మీది వాన చుక్కలు తుడుచుకుంటున్నాడు.

"నాటుకాడ నా సద్ది నీకు పెట్టి, నేను ఉపాసం నాటేసిన. గప్పుడు చెప్పిన్నా? నువ్వు పొయ్యేటప్పుడు నా కొడుకు నీ టేపు డబ్బా నెత్తిన పెట్టుకోని బురదలకెళ్లి దాటిచ్చిండు. గప్పుడు చెప్పిన్నా?" ఆమె అరవలేదు. వంట గురించి అడిగినట్టే అడిగింది. ఆ తరువాత సి.ఐ. వైపు చూసింది. "నిన్నేమనుకోను నాయినా. సంపుడు నీ నౌకరి, సంపినవ్. నేను కన్న. గీ సారు మాత్రం నా కొడుకును రాసిండు, మల్ల కొట్టేసిండు. ఎవలనన్న ఇంట్లకెళ్లి ఎల్లగొడితే బయిట ఉంటరు. గీయిన కొట్టేస్తే యాడుండాలె?"

ఇద్దరు కానిస్టేబుళ్లు ఆమె రెక్కలు పట్టుకుని గేటు బయట దింపారు. ఆమె పెనుగులాడలేదు. గేటు ఊచలు పట్టుకుని షెడ్డు వైపే చూస్తూ నిలబడింది. నాలుగు గంటలకు వాన కాస్త తెరిపిచ్చింది. మునిసిపాలిటీ బండి వచ్చింది. శవం మీద టార్పాలిన్ కప్పి, వెనక గేటు నుంచి తీసుకుపోయారు. ముందు గేటు దగ్గరున్న మనిషికి అది కనిపించలేదు.

జగిత్యాలకు ఆఖరి బస్సు ఇంకా ఉంది. కానీ బస్టాండుకు పోవాలంటే ముందు గేటు దాటాలి. సి.ఐ. అది గమనించినట్టున్నాడు.

"మా జీపు అటే పోతోంది సార్. రండి."

ముందు సీటు చూపించాడు. రాజనర్సు ఎక్కాడు. జీపు వెనక గేటు నుంచి బయటపడి, సిరిసిల్ల దాటి, తడి రోడ్డెక్కింది. వెనక కూర్చున్న కానిస్టేబుళ్లు దేనికో నవ్వుకుంటున్నారు. కొంత దూరం పోయాక సి.ఐ. డాష్‌బోర్డు సొరుగులోంచి పుస్తకం తీశాడు. ఈసారి బస్సు టికెట్ వేరే పేజీలో ఉంది.

"రెండు వందల ఆరో పేజీ సార్. ధర్మపురి దగ్గర రాధమ్మ అనే ఆవిడ పాడిన పాట. 'ఈమె ఇంటికి రాత్రిళ్లు వచ్చే పాటగాళ్ల నుంచి నేర్చుకుంది' అని రాశారు. ఎవరా పాటగాళ్లు? ఆవిడ ఇల్లు ఊళ్లో ఎటువైపు ఉంటుంది?"

రాజనర్సు ఎదురుగా అద్దం మీద అటూ ఇటూ తిరుగుతున్న వైపరును చూశాడు.

"గోదావరి వైపు పోయే బాటలో" అన్నాడు. "ఎడమ పక్క, పెంకుటిల్లు."